సీప్లేన్ నడపాలనుందా? ముందు ఆకాశంలో హద్దులు చదవండి

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణమ్మ మీంచి లేచిన సీప్లేన్ శ్రీశైలం పాతాళగంగలో దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులో ప్రయాణించారు. అది ప్రదర్శన కోసం నడిపిన విమానమే అయినా, టీవీలో చూసిన పిల్లల్లో కొత్త ఆశ పుట్టించింది. ఏం చదవాలి, ఎంత ఖర్చవుతుంది, ఉద్యోగాలు ఉన్నాయా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

ఈ ప్రశ్నలకు జవాబులు చెబుతాను. అంతకంటే ముందు అసలు ఆ పని ఎలా ఉంటుందో తెలియాలి. చాలామంది ఈ కొలువులో కష్టమంతా నీళ్లమీద దిగడంలోనే ఉందనుకుంటారు. విమానం నడపడం వచ్చినవాళ్లకు అది కొద్ది రోజుల్లో పట్టుబడే విద్య. ఎక్కువ కాలం పట్టేది వేరే ఉంది. పెద్ద నగరం పక్కన, ఎవరి అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మనసులో పెట్టుకుని, రాడార్ గదిలోని మనిషి చెయ్యి పట్టుకోకుండా కిటికీలోంచి చూస్తూ నడపడం. దీన్నే వీఎఫ్‌ఆర్ అంటారు, అంటే కంటిచూపు మీద ఆధారపడి నడిపే నియమాలు. ఇది బాగా అర్థం కావాలంటే న్యూయార్క్ వెళ్లాలి. కనీసం ఆ నగరం మ్యాప్ ముందు పెట్టుకోవాలి.

న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దగ్గర్లో మూడు పెద్ద విమానాశ్రయాలు ఉన్నాయి: కెన్నెడీ, లాగార్డియా, నెవార్క్. వీటిని కాపాడే గగనతలాన్ని క్లాస్ బి అంటారు. కంట్రోలర్ నోటివెంట 'క్లియర్డ్' అన్న మాట స్పష్టంగా వినకుండా అందులోకి ఏ విమానమూ వెళ్లకూడదు. అయితే హడ్సన్ నది మీద, రెండు గట్ల మధ్య, నీటి మట్టం నుంచి 1,300 అడుగుల లోపు వరకు ఉన్న భాగాన్ని క్లాస్ బి నుంచి మినహాయించారు. ఆ సొరంగం లాంటి దారిలో చిన్న విమానాలు, హెలికాప్టర్లు కంట్రోలర్ అనుమతి లేకుండానే వెళ్లవచ్చు. పైన నెవార్క్‌కు దిగే జెట్లు, కింద పడవలు, ఒక పక్క ఆకాశహర్మ్యాలు. మధ్యలో మీరు.

అనుమతి అక్కర్లేదంటే నియమాలు లేవని కాదు. 2009 ఆగస్టు 8న ఇదే దారిలో ఒక పైపర్ విమానం, పర్యాటకుల హెలికాప్టర్ ఢీకొని తొమ్మిదిమంది చనిపోయారు. అదే ఏడాది నవంబర్‌లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ అక్కడ కచ్చితమైన నియమాలు తెచ్చింది. వేగం 140 నాట్లు దాటకూడదు. లైట్లు వేసే ఉంచాలి. ఆ ప్రాంతపు చార్టు విమానంలో ఉండాలి, పైలట్‌కు అది తెలిసి ఉండాలి. ఉత్తరానికి వెళ్లేవాళ్లు తూర్పు గట్టు వెంబడి, దక్షిణానికి వెళ్లేవాళ్లు పడమటి గట్టు వెంబడి సాగాలి. ఆగకుండా దాటిపోయేవాళ్లు 1,000 అడుగులు, ఆపైన. అక్కడే చక్కర్లు కొట్టేవాళ్లు, దిగేవాళ్లు 1,000 అడుగుల కింద.

అన్నిటికంటే ముఖ్యమైనది రేడియో. హడ్సన్ మీద 123.05 మెగాహెర్ట్జ్‌లో ప్రతి పైలట్ తన ఉనికిని తానే చాటుకోవాలి. వెరజానో వంతెన, స్వేచ్ఛా ప్రతిమ, జెర్సీ గట్టున ఉన్న పెద్ద గడియారం, ఇంట్రెపిడ్ యుద్ధనౌక, జార్జ్ వాషింగ్టన్ వంతెన, ఆల్పైన్ టవర్... ఈ గుర్తులు దాటినప్పుడల్లా విమానం రకం, ఎక్కడుంది, ఎటు వెళ్తోంది, ఎంత ఎత్తులో ఉందన్నది చెప్పాలి. ఘాట్‌రోడ్డు మలుపులో హారన్ కొట్టడం లాంటిదే ఇది. అవతల ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు, ఉంటే మాత్రం వినాలి. మాట క్లుప్తంగా ఉండాలి. మాటలు సాగదీస్తే పక్కవాడికి చెప్పుకునే అవకాశం పోతుంది.

కంటిచూపుకు ఉన్న పరిమితి కూడా ఇక్కడే నేర్చుకుంటారు. మీతో ఢీకొనే దారిలో వస్తున్న విమానం మీ అద్దంలో కదలదు. ఒకేచోట చుక్కలా నిలబడి ఉంటుంది. చివరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. మన కన్ను కదిలే వస్తువును పట్టుకున్నంత తేలిగ్గా కదలని చుక్కను పట్టుకోలేదు. 2009 ప్రమాదంపై దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ కూడా చూసి తప్పుకోవడం అనే పద్ధతికి సహజంగా ఉన్న పరిమితిని ఒక కారణంగా చెప్పింది. ఆ సమయంలో దగ్గర్లోని టెటర్‌బరో విమానాశ్రయ టవర్‌లోని కంట్రోలర్ పనికి సంబంధం లేని ఫోన్ మాటల్లో ఉన్నాడన్నది మరో కారణం. 2025 జనవరి 29న వాషింగ్టన్ దగ్గర సైనిక హెలికాప్టర్, ప్రయాణికుల జెట్ ఢీకొని 67 మంది పోయినప్పుడు కూడా, జెట్ కనబడుతోందని హెలికాప్టర్ వైపు నుంచి రేడియోలో చెప్పారు. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునేవాళ్లు ఈ రెండు దర్యాప్తులూ చదవాలని నా గట్టి అభిప్రాయం. ఎన్‌టీఎస్‌బీ నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలోని ఇంగ్లిష్ సూటిగా, తేలిగ్గా ఉంటుంది. కోచింగ్ సెంటర్ మెటీరియల్ కంటే నయం.

ఇక అసలు సీప్లేన్ల అడ్డా మన్‌హట్టన్ తూర్పున ఉన్న ఈస్ట్ రివర్. 23వ వీధి చివర సీప్లేన్ రేవు ఉంది. ఈ నది కథ వేరు. ఉత్తరాన లాగార్డియా గగనతలం గోడలా అడ్డం ఉంటుంది కాబట్టి అది ఒకవైపు మూసుకుపోయిన వీధి. 2006 అక్టోబర్ 11న యాంకీస్ బేస్‌బాల్ ఆటగాడు కోరీ లైడిల్, అతని శిక్షకుడు ఉన్న సిర్రస్ విమానం అక్కడ వెనక్కి తిరగబోయి ఒక అపార్ట్‌మెంట్ భవనాన్ని ఢీకొంది. ఇద్దరూ చనిపోయారు. తూర్పు నుంచి గాలి వీస్తోంది. మలుపు తిరుగుతున్న విమానాన్ని అది భవనాల వైపు నెట్టింది. ఉన్న వెడల్పులో ఆ మలుపు సరిపోతుందా అని ముందే లెక్క వేసుకోకపోవడాన్ని దర్యాప్తు తప్పుబట్టింది.

ఆ తర్వాత వచ్చిన నియమం ప్రకారం గవర్నర్స్ ఐలాండ్ నైరుతి కొస నుంచి రూజ్‌వెల్ట్ ఐలాండ్ ఉత్తర కొస దాకా కంట్రోలర్ అనుమతి లేకుండా విమానాలు వెళ్లకూడదు. మినహాయింపు ఒక్కరికే ఉంది. ఆ నదిలో దిగే లేదా అక్కడినుంచి లేచే సీప్లేన్లకు. మిగతా విమానాలకు మూసేసిన తలుపు మీకోసం తెరిచి ఉంచారన్నమాట. ఈ వెసులుబాటును గౌరవంగా కాక హక్కుగా చూసే పైలట్‌ను ఏ యజమానీ పెట్టుకోడు.

ఈ రేవుకు వచ్చే పైలట్ రోజు ఎలా మొదలవుతుందో చూడండి. పొద్దున్నే నోటమ్‌లు, అంటే ఆ రోజుకు వర్తించే విమానయాన హెచ్చరికలు చదవాలి. అధ్యక్షుడు నగరానికి వస్తే తాత్కాలిక నిషేధం పెడతారు. సెప్టెంబర్‌లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సమావేశాలప్పుడు మరో నిషేధం. ఐరాస భవనం ఈ రేవుకు కాస్త ఎగువన, అదే గట్టు మీద ఉంది మరి. పెద్ద స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్ ఉంటే ఆటకు గంట ముందు నుంచి అయిపోయిన గంట తర్వాత దాకా, చుట్టూ 3 నాటికల్ మైళ్లు, 3,000 అడుగుల ఎత్తు వరకు వెళ్లకూడదు. అంటే పైలట్ క్రీడల పేజీ కూడా చూడాలి. ఇవన్నీ చూశాక వాతావరణం. క్లాస్ బి లో కంటిచూపుతో నడపాలంటే కనీసం 3 మైళ్ల దూరం కనబడాలి, మేఘాల్లోకి పోకూడదు. కాగితం మీద 3 మైళ్లు సరిపోతాయి. పొగమంచు పట్టిన నది మీద, వంతెనల మధ్య అవి ఎంత తక్కువో అక్కడ ఎగిరినవాళ్లకే తెలుసు.

తర్వాత చక్రాలు. రన్‌వే మీదా నీళ్లమీదా దిగగల విమానాన్ని యాంఫీబియన్ అంటారు. దాన్ని నీళ్లమీద తేలించే ఫ్లోట్లలోంచి చక్రాలు బయటికి వస్తాయి. నీళ్లలో దిగేటప్పుడు వాటిని పైకి ముడవడం మరిచిపోతే విమానం ముందుకు పల్టీ కొడుతుంది. అందుకే దిగేముందు 'ఇది నీటి ల్యాండింగ్, చక్రాలు పైకి ఉన్నాయి' అని గట్టిగా పైకి అనుకోవడం అలవాటు చేస్తారు. పక్కన ఎవరూ లేకపోయినా సరే.

నీళ్లు తాకాక మీరు విమానం నడిపేవారు మాత్రమే కాదు, పడవ నడిపేవారు కూడా. సీప్లేన్‌కు బ్రేకులు ఉండవు. ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణం నుంచి అది కదులుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపితే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. ఈస్ట్ రివర్ నిజానికి సముద్రపు పాయ. ఆటుపోట్లతో ప్రవాహం దిశ మార్చుకుంటుంది. గాలి ఒకవైపు, ప్రవాహం మరోవైపు, ఫెర్రీ లేపిన అలలు ఇంకోవైపు. వీటి మధ్య రెక్క తగలకుండా రేవు చెక్కకు చేర్చాలి. దారి ఇవ్వాల్సిన బాధ్యత కూడా సాధారణంగా మీదే, పడవలకు సీప్లేన్ దూరంగా ఉండాలన్నది జలరవాణా నియమం.

అల లేని అద్దం లాంటి నీళ్లు చూడ్డానికి బాగుంటాయి, దిగడానికి ప్రమాదం. ఎత్తు ఎంతో కంటికి తెలియదు. అలాంటప్పుడు గట్టుకు దగ్గరగా, ఇంజిన్ శక్తి కొంచెం ఉంచి, ముక్కు కొద్దిగా పైకెత్తి, నీరు తగిలేదాకా నిమిషానికి దాదాపు 150 అడుగుల చొప్పున మెల్లగా దింపుతారు. చూపును నమ్మి చేసే ఉద్యోగంలో చూపును నమ్మకూడని సందర్భం ఇది.

వాషింగ్టన్ గురించి ఒక్క మాట. అక్కడ రాజధాని చుట్టూ 30 నాటికల్ మైళ్ల వ్యాసార్ధంలో ప్రత్యేక ప్రాంతం ఉంది. కంటిచూపుతో ఎగిరేవాళ్లు కూడా ముందుగా ఫ్లైట్‌ప్లాన్ ఇచ్చి, రాడార్‌కు తమ విమానాన్ని గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్‌లో తమకు కేటాయించిన కోడ్ పెట్టుకుని, కంట్రోలర్‌తో మాట్లాడుతూ వెళ్లాలి. 60 మైళ్ల లోపు ఎగరాలన్నా ఆన్‌లైన్ శిక్షణ తప్పనిసరి. వాషింగ్టన్, న్యూయార్క్ రెండింటికీ ఎఫ్ఏఏ ఉచిత కోర్సులు పెట్టింది. లైసెన్స్ లేకపోయినా వాటిని చదవవచ్చు. ఇంటర్ చదివే పిల్లలు ఒక ఆదివారం వీటిమీద పెడితే ఈ వృత్తి తమకు పడుతుందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

మన దగ్గరి సంగతికి వద్దాం. మన గగనతలంలోనూ నిషేధిత, నియంత్రిత, ప్రమాదకర ప్రాంతాలని మూడు రకాలు ఉన్నాయి. ఎగరాలంటే వైమానిక రక్షణ అనుమతి సంఖ్య, విమాన సమాచార కేంద్రం ఇచ్చే సంఖ్య ఉండాలి. ఈ రెంటినీ పైలట్లు ఏడీసీ, ఎఫ్ఐసీ నంబర్లంటారు. కంటిచూపు విమానాలకు సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు దాకా మామూలుగా అనుమతి ఉండదు. అభ్యాసంగా ఒక పని చేయండి. హైదరాబాద్ మ్యాప్ తీసి హుస్సేన్‌సాగర్ మీద వేలు పెట్టండి. కూతవేటు దూరంలో బేగంపేట, ఉత్తరాన హకీంపేట వైమానిక స్థావరం, ఆ పక్కన దుండిగల్ వైమానిక దళ అకాడమీ, దక్షిణాన శంషాబాద్. ఈ నాలుగింటి మధ్య ఒక సీప్లేన్ ఎటునుంచి వచ్చి ఎటు పోవాలో గీయండి. అదే నాగార్జునసాగర్‌కు గీసి చూడండి. తేడా తెలుస్తుంది. విశాఖలో అయితే విమానాశ్రయమే నావికాదళానిది, ఐఎన్ఎస్ డేగా. అక్కడ బీచ్ పక్కన దిగాలన్నా నేవీ కంట్రోలర్‌తో మాట్లాడాల్సిందే.

ఇప్పుడు చదువు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో విద్యార్థి పైలట్ లైసెన్స్‌కు 16 ఏళ్లు, పదో తరగతి. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 18 ఏళ్లు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్. కామర్స్ చదివినవాళ్లు ఓపెన్ స్కూల్‌లో ఆ రెండు సబ్జెక్టులు రాసి వస్తున్నారు. మొత్తం 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు విమానానికి బాధ్యులుగా. రాత పరీక్షలు నావిగేషన్, వాతావరణం, నియమాలు, సాంకేతికం. పాస్ మార్కు 70 శాతం. రేడియో లైసెన్స్ వేరు. ఖర్చు అరకోటి అటూఇటూ అవుతుంది. ఇల్లు తాకట్టు పెట్టేముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మొత్తం ఇది.

ఇక్కడిదాకా మామూలు పైలట్ దారే. సీప్లేన్ శిక్షణ కోసం ఎక్కువమంది అమెరికా, కెనడా వెళ్తారు. అమెరికాలో సింగిల్ ఇంజిన్ ల్యాండ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు సీ రేటింగ్, అంటే నీళ్లమీద నడిపే అర్హత, కలపడానికి కనీస గంటలంటూ లేవు, రాతపరీక్షా లేదు. శిక్షకుడి సిఫారసు, ఎగ్జామినర్ ముందు పరీక్ష చాలు. ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్‌లో జాక్ బ్రౌన్స్ సీప్లేన్ బేస్ దశాబ్దాలుగా దీనికి పేరుపొందింది. కెనడాలో కనీసం 7 గంటల శిక్షణ, ఒంటరిగా 5 సార్లు లేచి దిగడం ఉండాలి. రేటింగ్ చేతికి రావడం ఇలా తేలిక. ఉద్యోగం మాత్రం అలా రాదు. బీమా కంపెనీలు ఫ్లోట్ల మీద వందల గంటలు అడుగుతాయి. ఆ గంటలు సంపాదించే దారి కెనడాలో చాలామందికి డాక్ మీద మొదలవుతుంది. తాళ్లు కట్టడం, సామాను ఎత్తడం, ఇంధనం నింపడం, ఫ్లోట్లలో చేరిన నీళ్లు తోడడం. లైసెన్స్ చేతిలో ఉండీ ఒకటి రెండు సీజన్లు ఇలా పనిచేయడం అక్కడ నామోషీ కాదు. మన ఇళ్లలో ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

అమెరికాలో ఉద్యోగం అన్న మాట దగ్గర జాగ్రత్త. ఎఫ్ఏఏ లైసెన్స్ తీసుకోవడానికి అక్కడి పౌరసత్వం అక్కర్లేదు. కానీ అక్కడ పైలట్‌గా జీతం తీసుకోవడానికి పని హక్కు కావాలి. విద్యార్థి వీసా మీద వెళ్లి శిక్షణ పూర్తవగానే ఈస్ట్ రివర్‌లో కొలువు దొరుకుతుందని ఏ ఏజెంటైనా చెబితే నమ్మకండి. గ్రీన్‌కార్డు ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకైతే ఇది నిజంగా ఆలోచించదగ్గ దారి.

మనకు దగ్గర్లో మాల్దీవులు ఉన్నాయి. ట్రాన్స్ మాల్దీవియన్ ఎయిర్‌వేస్ ట్విన్ ఆటర్ సీప్లేన్లు నడిపే సంస్థల్లో ప్రపంచంలోనే అతిపెద్దది. అక్కడ పగటిపూటే, కంటిచూపు మీదే నడుస్తాయి. పైలట్లు చెప్పులు లేకుండా కాక్‌పిట్‌లో కూర్చోవడం మామూలు. విదేశీ పైలట్లను తీసుకుంటారు, కాకపోతే స్థానికులకు తొలి ప్రాధాన్యం.

మన దేశంలో చరిత్ర అంత ధైర్యం ఇవ్వదు. 2010 చివర్లో ప్రభుత్వ హెలికాప్టర్ సంస్థ పవన్ హన్స్ అండమాన్‌కు 'జల్ హన్స్' అనే సీప్లేన్ సర్వీసు తెచ్చింది. 2020 అక్టోబర్ 31న అహ్మదాబాద్ సబర్మతి నుంచి కేవడియాకు స్పైస్‌జెట్ మరో సర్వీసు మొదలుపెట్టింది. రెండూ నిలవలేదు. 2024లో కేంద్రం సీప్లేన్లకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది, విజయవాడ ప్రదర్శన ఆ ఊపులో వచ్చిందే. రూట్లు నిలదొక్కుకుంటే మొదటి పైలట్లు, మొదటి డాక్ సిబ్బంది, నీటి విమానాశ్రయాల మేనేజర్లు కావాలి. అది ఎప్పుడన్నది చెప్పే స్థితిలో ఎవరూ లేరు. అందుకే నా సలహా ఒక్కటే. సీప్లేన్‌ను మొదటి లక్ష్యంగా కాక రెండో రేటింగ్‌గా పెట్టుకోండి. ముందు మామూలు కమర్షియల్ లైసెన్స్, గంటలు. నీళ్ల రేటింగ్ ఆ తర్వాత.

అరకోటి పెట్టలేనివాళ్లకు ఇదే ఆకాశంలో మరో రెండు పనులు ఉన్నాయి. ఒకటి గ్రౌండ్ మీంచి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ చదివి, జనరల్ కేటగిరీలో 27 ఏళ్లలోపు ఉన్నవాళ్లు ఆన్‌లైన్ పరీక్ష రాయవచ్చు. స్వరపరీక్ష కూడా ఉంటుంది. ఎంపికైనవాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి మన బేగంపేటలోనే ఉంది. ఫీజు మీరు కట్టరు, జీతం వాళ్లిస్తారు. మన ఊళ్లలో ఈ నోటిఫికేషన్‌కు రావాల్సినంత ప్రచారం రావడంలేదన్నది నా బాధ.

రెండోది డ్రోన్. 2021 డ్రోన్ నియమాల ప్రకారం దేశం మ్యాప్‌ను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, పసుపులో కంట్రోలర్ అనుమతి కావాలి, ఎరుపులో కేంద్రం అనుమతి లేనిదే కుదరదు. పది పాసై 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ పొందవచ్చు. పొలాలకు మందు కొట్టడం దగ్గర్నుంచి సర్వే దాకా పని దొరుకుతోంది. న్యూయార్క్ మీద సీప్లేన్ పైలట్ చదివే హద్దులనే ఇక్కడ మీరు కింద నిలబడి చదువుతారు.

పైలట్ దారే ఎంచుకున్నవాళ్లు ఏ అకాడమీకీ అడ్వాన్స్ కట్టకముందే డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి. కళ్లద్దాలు ఉన్నా, వాటితో చూపు సరిపోతే ఇబ్బంది లేదు. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉంటే మాత్రం కష్టం, అది చాలామందికి ఈ పరీక్షలోనే మొదటిసారి తెలుస్తుంది. కమర్షియల్‌కు క్లాస్ 1 కావాలి కాబట్టి దాని అపాయింట్‌మెంట్ కూడా వెంటనే పెట్టుకోండి, రోజులు పడుతుంది. ఈ రెండు కాగితాలు చేతికి వచ్చాక అకాడమీకి వెళ్లి, నెలకు ఎన్ని గంటలు ఎగరనిస్తున్నారు, ఎన్ని విమానాలు నిజంగా ఎగిరే స్థితిలో ఉన్నాయని అడగండి. ఆఫీసులో అడిగి ఊరుకోకుండా, హ్యాంగర్ బయట కూర్చున్న సీనియర్ విద్యార్థులను కూడా అడగండి.